పసుపు పూసిన మానిటర్

మల్కాపురంలో ఎండు చేపలు అమ్మే పెద్దమ్మ గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఒక్కటే. ఆవిడ ఎవరి మాటా ఊరికే నమ్మదు. కండక్టర్ "ఇది హార్బర్‌కే వెళ్తాది, ఎక్కు" అని మొత్తుకున్నా, బస్సు ముందుకు నడిచి వెళ్ళి, బోర్డు మీద అంకె చూసుకుని గాని గంప ఎక్కించదు. వెనకాల ఎన్ని హారన్లు మోగినా ఆవిడకి పట్టదు.

అలాంటి మనిషి యాభై దాటాక పలక పట్టింది. మా అక్క పుష్ప అక్కడి కమ్యూనిటీ హాల్లో మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకి చదువు చెప్పేది. పెద్దమ్మ ముందు తనొక్కతే వచ్చి, వారం పాటు అక్కని బాగా పరీక్షించి, ఆ తర్వాత వాళ్ళ వీధి ఆడవాళ్ళందర్నీ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. పేరు రాయడం రాగానే ఏదో కాగితం పని మీద ఒక ఆఫీసుకి వెళ్ళి, దర్జాగా సంతకం పెట్టింది. అక్కడి గుమాస్తా దానివంక చూడనైనా చూడకుండా ఇంకు పెట్టె ముందుకు తోశాడు.

"సంతకం ఎట్టీసేను గదా బాబూ."

"ఆ గీతలు చాల్లేగాని, వేలు పెట్టు."

ఆ మాట ఆవిడకి ముల్లులా దిగబడిపోయింది. తను రాసింది నిజంగా పేరేనా, వట్టి గీతలేనా? అక్క ఎంత చెప్పినా వినలేదు. "నువ్వు నా మనిసివి. బాగుందనక ఏటంటావు?" అంది.

ఆ రోజుల్లోనే, 2004 మే నెలలో, ఎవరో వాడి పక్కన పెట్టిన కంప్యూటర్ ఒకటి హాలుకి ఇచ్చారు. దాంట్లో తెలుగు కూడా కనిపిస్తుందని అక్క నోరు జారింది. పెద్దమ్మ వెంటనే పట్టుకుంది.

"మనుసులకి మొగమాటం ఉంటాది. మిసనుకి ఉండదు. నానెవలో తెలీని మనిసి నా పలక సూసి అందులో కొట్టాల. నా పేరు రావాల. రాకపోతే నాను మరి పలక అట్టుకోను, టీచరమ్మా."

ఆవిడ మానేస్తే వీధి వీధంతా మానేస్తుంది. అక్క కంగారుగా నాకు ఫోన్ చేసింది.

ఆ "తెలీని మనిసి"ని నేనే. కూర్మన్నపాలెంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో హార్డ్‌వేర్ చెప్పేవాణ్ణి. అప్పట్లో నాకు విండోస్‌కి బదులుగా ఉచితంగా దొరికే లినక్స్ పిచ్చి నెత్తికెక్కింది. ఖాళీ కంప్యూటర్ కనిపిస్తే చాలు, చేతులు దురద పెట్టేవి. ఆదివారం పొద్దున్నే సీడీలు సంచిలో వేసుకుని బస్సెక్కాను. వేట నిషేధం రోజులు. పడవలన్నీ హార్బర్లో కట్టేసి ఉన్నాయి. బేరాల్లేక ఆడవాళ్ళంతా హాల్లోనే కూర్చున్నారు. నా ముందు పెద్దమ్మ పేరు ఎవరూ పలకకూడదని ముందే కట్టడి చేశారట. అందరూ "పెద్దమ్మా, పెద్దమ్మా" అనే పిలుస్తున్నారు.

ఇన్‌స్టాల్ చేయడం అనుకున్నదానికంటే హాయిగా సాగింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాలు జరజరా పైకి పాకుతుంటే ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. నాకు ఈల వేయాలనిపించింది. కాకపోతే ఆ నల్ల తెరకి ఇంగ్లిషు తప్ప ఇంకేదీ రాదు. తెలుగు కనిపించాలంటే బొమ్మలు చూపించే తెర లేవాలి. దాన్ని లేపే కమాండ్ కొట్టి, "చూడండి ఇప్పుడు!" అన్నాను.

తెర ఒక్కసారి మెరిసి, అడ్డగీతలు పడి, గిరగిరా తిరగడం మొదలెట్టింది. లోపల్నుంచి సన్నగా కీచుమంది. గబుక్కున మూడు మీటలు కలిపి నొక్కి ఆపేశాను.

ఇలా ఎందుకైందో నాకు తెలుసు. ఆ మానిటర్ పాతది. సెకనుకి ఎన్ని గీతలు గీయగలదో తనంతట తను చెప్పదు. మనమే దాని హద్దులు చూసి ఒక ఫైల్లో రాసి పెట్టాలి. ఆ అంకెలు వెనకాల అంటించిన చీటీ మీద ఉంటాయి. అందుకని వెనక్కి వంగి చూశాను.

చీటీ లేదు. దాని చోట గోడకి సున్నం వేసినట్టు దళసరిగా పసుపు, దాని మీద పెద్ద కుంకుమ బొట్టు!

"అక్కా! ఇదెవరు చేసేరే?"

మిషను వచ్చిన రోజున పెద్దమ్మ పసుపు గిన్నెతో తయారైందట. కొత్త పడవకైతే ముందు కొమ్ముకి పూస్తారు. దీనికి ముఖం ఏదని అడిగితే, అద్దం ముట్టుకోవద్దని అక్క బతిమాలింది. సరే, నున్నటి ప్లాస్టిక్ మీద పసుపు నిలవలేదు గాని, వెనకాల కాగితం మీద బ్రహ్మాండంగా నిలిచింది. ఎంత భక్తిగా పూసిందో ఏమో, ఎండి రాయైపోయింది.

నేను తడిగుడ్డ తీశాను. పెద్దమ్మ ఒక్క ఉదుటున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏటి సేత్తన్నావ్ బాబూ? కొత్త పడవ నీట్లోకి దిగకముందే బొట్టు తుడిసేత్తారా ఎక్కడైనా?"

"ఇది పడవ కాదు పెద్దమ్మా!"

"నువ్వు గాని దాన్ని తుడిసేవంటే నాను లెగిసి ఎల్లిపోతాను."

వెనకాల కూర్చున్నవాళ్ళలో గంగాలమ్మ అనే ఆవిడ అప్పుడే చెప్పులు వెతుక్కుంటోంది. అక్క నావంక గుడ్లురిమింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సులో అంత దూరం వచ్చింది బొట్టుకి దణ్ణం పెట్టుకోవడానికా? సరే, ఊహించి అంకెలు కొడదామని కూర్చున్నాను. ఒకసారి తెర మీద బొమ్మ సగానికి విరిగింది. ఇంకోసారి కీచు మరీ పెద్దదై, ఏదో కాలిన వాసన వచ్చినట్టు అనిపించింది. ఇంకో తప్పు అంకె పడితే మానిటర్ పోతుంది. అది పోతే పెద్దమ్మ పలకా పోతుంది.

చివరికి విసుగొచ్చి ఉన్నమాట చెప్పేశాను. "పెద్దమ్మా, ఆ కాగితం మీద రాత ఉంది. అది చదివితేగాని ఈ తెర లేవదు. నువ్వు దాని మీద పసుపు పూసేశావు."

పెద్దమ్మ ముఖం మారిపోయింది.

"రాతా? సదవాల్సిన రాతా?"

"అవును."

"ఓలమ్మో! పడవకైనా పేరు రాసిన కాడ, నెంబరు రాసిన కాడ పసుపు పుయ్యం బాబూ. రాత మూసీకూడదు. ఇందాకే సెప్పొచ్చు గదా, ఎర్రి బాబూ!"

తిట్లు నాకే పడ్డాయి. పడితే పడ్డాయి! పెద్దమ్మ నన్ను పక్కకి నెట్టి, చెంగు తడిపి, తనే తుడవడం మొదలెట్టింది. తుడిచిన పసుపు నేల మీద పడనివ్వకుండా వేలితో తీసి కంప్యూటర్ పెట్టె నెత్తిన బొట్టుగా పెట్టింది. కాగితం చిరుగుతుందేమోనని నేను పక్కనే వంగి చూస్తూ ఉన్నాను. ముందు ఒక మూడు కనిపించింది. తర్వాత సున్నా. బస్సు బోర్డులు చూసీ చూసీ అంకెలు ఆవిడకి కొట్టిన పిండే.

"మూడు, సున్నా. అడ్డగీత. అయిదు, నాలుగు," అని గట్టిగా చదివింది. నేను కొట్టాను. కింది వరస కూడా చదివింది, కొట్టాను. కమాండ్ ఇచ్చాను. తెర నల్లబడింది.

ముందు బూడిదరంగు తెర, దాని మధ్యలో చిన్న ఇంటూ గుర్తు. ఆ వెనకే నీలం! తెరంతా నిండుగా, నిలకడగా నీలం! కీచు లేదు, గీతల్లేవు. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఆడవాళ్ళు ఒక్కసారిగా కేకలు పెట్టారు. గంగాలమ్మ అక్కని పట్టుకుని గిర్రున తిప్పేసింది. అంత ఆనందం నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు.

పెద్దమ్మ మాత్రం కేక వేయలేదు. "టీచరమ్మా, నువ్వు బయటికెల్లు" అంది. అక్క నవ్వుతూనే బయటికి నడిచింది. ఆవిడ గోడవైపు తిరిగి పలక మీద రాసి, నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

అక్షరాలు కాస్త వంకరగా ఉన్నా, దేనికది స్పష్టంగా ఉంది. తెలుగు ఫాంటు ఎక్కించి, పలక చూసి ఒక్కో అక్షరం కొట్టాను. సైజు పెంచాను. తెర ఈ చివర నుంచి ఆ చివరకి పేరు నిలబడింది. పెద్దమ్మ కళ్ళు పలక మీదికి, తెర మీదికి, మళ్ళీ పలక మీదికి తిరిగాయి. నేను పైకి చదివాను.

"కాసులమ్మ."

"ఓయ్!" అంది ఆవిడ, వీధిలోంచి ఎవరో పిలిచినట్టు.

ఆ వెంటనే తను పలికానన్న సంగతి ఆవిడకే తెలిసొచ్చి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హాలంతా పగలబడి నవ్వింది. ఆవిడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. గుమ్మంలోంచి తొంగి చూస్తున్న అక్కని ఇక లోపలికి రమ్మని చెయ్యూపింది.

"రేపు బడికి రాను, టీచరమ్మా."

అక్క ముఖం వాడిపోయింది. "అదేటి పెద్దమ్మా?"

"ఆ ఆఫీసుకెల్తాను. నాను రాసింది రాతే. సదవనోడిదే తప్పు. ఆడి సేత సదివించీసి, ఎల్లుండొత్తాను."