గుర్వమ్మ దూసిన జొన్నాకు

మక్తల్ దగ్గరి నల్లరేగడిలో యాసంగి జొన్న పాలకంకి వేసిందంటే గుర్వమ్మకు పండగే. నర్సింగమ్మ చేనిలో కింది ఆకు దూసుకుని మేకపిల్లలకు వేయడం ఆమెకు ముప్పై ఏళ్లుగా ఉన్న హక్కు. కాగితం లేదు, ఉన్నది మాట ఒక్కటే: పండాకు గుర్వమ్మది, పచ్చి ఆకు కంకిది.

ఆ మాట ఊరికే పుట్టలేదు. ఆకు ఎండలో వండిపెడితేనే గింజలోని పాలు గట్టిపడతాయి. కిందాకు ముసలిదయ్యే వేళ తనలో మిగిలిన సారాన్ని కూడా కంకికి పంపించి, ఆ తర్వాతే పసుపు రంగుకు తిరుగుతుంది. అలా పండిన ఆకును ఎంత దూసినా చేనుకు నష్టం లేదు. ఇంకా పనిలో ఉన్న ఆకును లాగితే మాత్రం గింజ నోటికాడి కూడు లాగినట్టే. ఇది గుర్వమ్మకు ఏ సారూ చెప్పలేదు. మేకల వెంట తిరిగి తనే నేర్చుకుంది, నేర్చుకున్నానని కాస్త గర్వం కూడా.

ఆ గర్వానికే ఈ ఏడు దెబ్బ తగిలింది. ఊళ్లోకి కంటి పరీక్షల క్యాంపు వస్తే, కోడలు నాగరాణి పోరు పెట్టి తీసుకెళ్లి కుడికంటి పొర తీయించింది. నెల దాటాక గుర్వమ్మ చేనికొచ్చి, అలవాటుగా ఒక కిందాకు పట్టుకుని ఆగిపోయింది. కుడికన్ను మూసి చూస్తే ఆకు పసుపుగా ఉంది. ఎడమకన్ను మూసి చూస్తే నిగనిగలాడే ఆకుపచ్చ. ఇంకో ఆకు పట్టి చూసింది, అదీ అంతే. రెండేళ్లుగా ఆకు ఊడి రావడం కష్టమైతే చేతుల్లో సత్తువ తగ్గిందనుకుంది. ఆ రెండేళ్లూ నర్సింగమ్మ గింజ నిండక తేలిపోయింది. నర్సింగమ్మ ఒకసారి వానను, ఒకసారి విత్తనాల కొట్టాయనను తిట్టింది. తిట్టినప్పుడల్లా గుర్వమ్మ మనస్ఫూర్తిగా వంతపాడింది.

చెబితే ఈ చేనిలో ఆకు దక్కదు, ఇంటి దగ్గర పదకొండు మేకపిల్లల కడుపు మాడుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గట్టు మీద చాలాసేపు కూర్చుంది. నర్సింగమ్మ రాగానే, ఇక ఆలోచిస్తే నోరు పెగలదని చెప్పేసింది.

"అక్కా, రెండేండ్ల సంది నీ గింజ తేలింది నా చేతుల తోటే. పండాకనుకొని పచ్చి ఆకు దూసిన. కండ్లు మోసం జేసినయి."

నర్సింగమ్మ ముఖం కందగడ్డలా అయింది. "గా కొట్టాయనను నోటికొచ్చినట్టు తిడితి గదనే! నువ్వు పక్కన నిలవడి తాళమేస్తివి!"

"ఏస్తినక్కా."

"ముప్పై ఏండ్లు దూసి పండాకు ఎరుకలేకపాయెనా? ఇంగ నా చేన్ల కాలు వెట్టకు. పండాకంటే ఎట్లుంటదో జర సూసి పో!"

విసవిసా చేనిలోకి దిగి, వంగి వెతికి, ఒక ఆకు పట్టి లాగింది. రాలేదు. రెండు చేతులా గుంజితే పటుక్కున ఊడింది. తెచ్చి గుర్వమ్మ ముక్కు ముందు ఆడించింది.

"గిదీ పండాకంటే. పసుపుకొమ్ము లెక్క లేదా?"

ఆకు ముదురు ఆకుపచ్చగా ఉంది. తెగినచోట తడి కారుతోంది. గుర్వమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"అక్కా, గది పచ్చి ఆకు. నీ కండ్లకు గూడ పొరలొచ్చినయే."

నర్సింగమ్మ ఆకును వేళ్లతో నలిపింది, వాసన చూసింది. కోపం దిగిపోయి గట్టు మీద కూలబడింది. "అయితే ఈ ఏడు నా చేను ఎవరు సూడాలె?" అంది.

"నేనే. లేవు, పోదాం."

గుర్వమ్మ ముందు నడిచింది. నర్సింగమ్మ ఆమె కొంగు పట్టుకుని సాళ్ల మధ్య నడుస్తూ, ఒక్కో ఆకునూ తాకి చిన్నపిల్లలా అడగసాగింది.

"ఇదో?"

"ఇంక కంకికి ఇస్తాందక్కా. ఉండనీ."