స్లాబు కింద మిగిలిన కట్టె

రెండు వేల తొమ్మిది, ఎండాకాలం. గోదావరిఖనిలో మాకు సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే షెడ్డు ఉంది. స్లాబు పోశాక పచ్చి కాంక్రీటు గట్టిపడేదాకా కింద నుంచి మోసే రేకు ప్లేట్లు, కర్రలు, ఇనుప జాకీలు, వీటన్నిటినీ కలిపి సెంట్రింగ్ అంటారు. మా ఆయనది బొగ్గు గనిలో షిఫ్టు డ్యూటీ. షెడ్డు నాది. ఆడమనిషికి ఈ సామాను సంగతి ఏం తెలుస్తుందిలే అనుకుని వచ్చినవాళ్లు రెండోసారి అలా అనుకోలేదు.

ఆ ఏడు సామానంతా షెడ్డులోనే పడి ఉంది. హైదరాబాదులో ప్లాట్లు కొనే దిక్కు లేదని, కట్టిన అపార్ట్‌మెంట్లు ఖాళీగా ఉన్నాయని పేపర్లో రోజూ రాసేవారు. ఆ గాలి మా దాకా వచ్చింది. ఇనుము ధర దిగింది. ఎప్పుడూ మొహం చూడని సిమెంటు దుకాణదారు తనే పిలిచి రేటు చెప్పసాగాడు. పట్నంలో పని ఆగిపోయిన మేస్త్రీలు తిరిగొచ్చి తక్కువ కూలికే ఒప్పుకున్నారు. నా ప్లేట్లు తుప్పు పడుతుంటే నాకు కడుపు మండేది గానీ, ఇల్లు కట్టుకునేవాళ్లకు మాత్రం అది మంచి కాలమే.

నాకు వరసకు చిన్నాన్న, పోశం కాక ఇల్లు అప్పటిదే. సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాడు. గని లోపల ఆయనది సపోర్ట్ పని, అంటే పైకప్పు కూలకుండా కింద కర్రలు నిలబెట్టే పని. రిటైరయ్యాడు గనుక క్వార్టర్ ఖాళీ చేయాలి. ఊరి చివర తనకున్న జాగాలో గోడలు లేపాడు. పైకి మాత్రం రేకులే వేస్తానన్నాడు. ఎవరడిగినా "స్లాబుకు పైసలేడియి" అనేవాడు. ఆయన భార్య లచ్చవ్వ చిన్నమ్మకు రేకుల మాటెత్తితేనే ఒళ్లు మండేది. ఎండకు పెనం, వానకు డప్పు, ఇక మనిషి నిద్రపోయేదెప్పుడని తిట్టేది.

ధరలు దిగాక చిన్నమ్మ ఊరుకోలేదు. మేస్త్రీతో లెక్క వేయించింది. రేకులకనుకున్న దానికి కొంచెం కలిపితే స్లాబే పడుతుంది. కాకను వెంటబెట్టుకుని నా షెడ్డుకొచ్చింది.

"ఇగ పైసలు లేవనకు. సామాను కిరాయి గూడ బిడ్డ సగమే తీసుకుంటనంటున్నది," అంది ఆయనతో.

కాక నేల చూపులు చూశాడు. "ఇనుప జాకీలు వద్దు బిడ్డా. కట్టెలియ్యి."

"జాకీలు గట్టిగుంటయి కాకా. గదే కిరాయికి ఇస్త."

"గట్టిగుంటయి గానీ చెప్పయి. కట్టె మీద బరువు వడితె కిర్రుమంటది, ముందుగాల చెప్తది. ఇనుము చెప్పకుంటనె వంగుతది."

"ఇల్లు కడుతున్నవా, గని తవ్వుతున్నవా కాకా?" అని నవ్వాను. చిన్నమ్మ కూడా నవ్వింది. ఆయన నవ్వలేదు. మర్నాడు జామాయిల్ కర్రలు పంపాను.

స్లాబు పోశారు. నీళ్లు పట్టారు. గడువు అయ్యాక మేస్త్రీ పోయి రేకు ప్లేట్లు విప్పాడు. కర్రలు తీయబోతే, కాక అడ్డం నిలబడి అవి ఇంకొన్ని దినాలుండనీ అన్నాడట. ఆ కొన్ని దినాలు అయిపోయాయి. మళ్లీ అదే మాట. వానలు కూడా మొదలయ్యాయి. నాకేమీ తొందర లేదు. గిరాకీ లేని కాలం, షెడ్డులో పడుండే కర్రలు ఆయన ఇంట్లో ఉన్నాయి. కానీ ఒకరోజు చిన్నమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చి నా ముందు కూలబడింది.

"నువ్వన్న చెప్పు బిడ్డా. ఇంట్ల ఎటు జూసినా కట్టెలే, చాప ఏసే జాగ లేదు. క్వార్టర్ ఇడిసిపెట్టే దినం దగ్గరికొచ్చింది. నా బతుకంత కంపెనీ ఇంట్లనే పాయె. సొంతింట్ల ఒక్క పొయ్యి పెట్టుకుందమంటె ఈయన కట్టె తియ్యనిస్తలేడు."

వెళ్లాను. కాక ఆ కర్రల మధ్య నిలబడి, చేతిలో పొడుగాటి కట్టెతో స్లాబును కొట్టి, చెవి పక్కకు వంచి వింటున్నాడు. గనిలో కప్పు మంచిదో కాదో అలాగే చూస్తారని మా ఆయన చెప్పగా విన్నాను.

"ఏమంటున్నది కాకా?"

"మంచిగనె అంటున్నది. కంగుమంటున్నది."

"మరేంది?"

కట్టె కింద పెట్టాడు. "నా ఆఖరి డ్యూటీలన్ని డీ-పిల్లరింగ్‌ల బిడ్డా."

డీ-పిల్లరింగ్ అంటే, కప్పును మోస్తున్న బొగ్గు స్తంభాలను కూడా తవ్వుకుంటూ వెనక్కి రావడం. వస్తూ వస్తూ తాము నిలబెట్టిన కర్రలను తామే లాగేస్తారు. అక్కడ కప్పు పడిపోవాలి. పడడానికే లాగుతారు.

"కట్టె గుంజుడు, ఉరుకుడు. గదే నా పని. కట్టె తీసినంక కప్పు నిలవడంగ నేనెన్నడు సూడలే," అన్నాడు. కింద పెట్టిన కట్టెను తీసి గోడకు ఆనించి, "ఒకపారి నా జోడీగాడు ఉరుకలేకపాయె," అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆయన ఇన్నాళ్లూ రేకులన్నది పైసలు లేక కాదు. నెత్తి మీద బరువు వద్దని. ధరలు దిగి, చెప్పుకోవడానికి ఉన్న ఆ ఒక్క సాకునూ లాగేసుకున్నాయి.

"కాకా, మేస్త్రీ వద్దు. నువ్వే తియ్యి," అన్నాను. "ఏది ముందో నేను చెప్త. స్లాబుకైతె నడిమిట్లకెల్లి మొదలువెట్టి గోడల దిక్కు రావాలె."

తలూపాడు.

మర్నాడు పొద్దున అందరినీ బయటికి పొమ్మన్నాడు. చిన్నమ్మ పోలేదు. చాటలో బియ్యం పోసుకొచ్చి, సరిగ్గా నడి ఇంట్లో కూర్చుని రాళ్లు ఏరసాగింది.

"లచ్చవ్వా, లే."

"నేను లెవ్వ. నువ్వు కట్టిచ్చిన ఇల్లేనాయె. నువ్వు గుంజు, నేను ఈడ్నే ఉంట."

కాక నడిమి కర్ర దగ్గరికి పోయాడు. కర్ర కింద బిగించిన చెక్క చీలికను సుత్తితో కొట్టాడు, కర్ర లాగాడు, గుమ్మం బయటికి ఉరికాడు. స్లాబు ఉన్నచోటే ఉంది. చిన్నమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. ఆయన లోపలికొచ్చి రెండోది లాగాడు, మళ్లీ ఉరికాడు. తర్వాత తర్వాత ఉరకడం నడకైంది. ఆపైన లాగిన చోటే నిలబడి, పైకి చూడసాగాడు. మధ్యాహ్నానికి గుమ్మం పక్క మూలన ఒక్కటే మిగిలింది. దాని మీద చెయ్యి వేసి, తీయలేకపోయాడు.

"ఇదొక్కటుండని బిడ్డా."

"ఉండని కాకా."

క్వార్టర్ గడువు లోపలే చిన్నమ్మ కొత్తింట్లో పాలు పొంగించింది. తర్వాత ధరలు మళ్లీ ఎక్కాయి, నా షెడ్డు ఖాళీ అయింది. ఒక్క కర్రకు కూడా కటకటలాడిన రోజులొచ్చాయి గానీ, ఆ కర్ర కోసం మాత్రం నేను వెళ్లలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడు బతుకమ్మకు చిన్నమ్మ పిలిస్తే వెళ్లాను. కర్ర ఆ మూలనే ఉంది, కాక తువ్వాలు దానికే వేలాడుతోంది. చెయ్యి వేస్తే కదిలింది. కింద చీలిక లేదు. పైన స్లాబుకు ఆనడం లేదు. పడిపోకుండా కిటికీ చువ్వకు తాడుతో కట్టి ఉంది.

"చీలిక ఏది కాకా?"

"ఎన్నడో తీసేసిన బిడ్డా."

"మరి కట్టె ఎందుకు?"

"నేను డ్యూటీ దిగిపోయినంక నాకీ ఇల్లు దొరికింది. దానికేడున్నది? ఉండని."

ఇప్పుడు గని మనిషి ఎవరొచ్చినా, స్లాబు ఎన్ని అడుగులని నేను ముందు అడగను. కుర్చీ వేసి, లోపల ఏం డ్యూటీ చేశావని అడుగుతాను. సపోర్ట్ పని అంటే జాకీల మాట ఎత్తను. కర్రలే పంపి, అవి తీసే రోజున నేనే వెళతాను.