మూడు దెబ్బల మేస్త్రీ

మా మావయ్య పిరికివాడు. ఈ మాట ఆయన ముందే అనేవాళ్ళం. "అవును, పిరికివాణ్ణే. అందుకే పది వేళ్ళూ ఉన్నాయి" అని చేతులు చాపి చూపించేవాడు. షూటింగ్ క్లబ్బులో రైఫిళ్ళు బాగుచేసే మేస్త్రీ ఆయన. ముప్పై ఏళ్ళు తుపాకుల మధ్య బతికి, పక్కింట్లో కుక్కర్ కూసినా ఉలిక్కిపడేవాడు. మా అత్తయ్య అయితే, "ఈయన్ని చూసి తుపాకులే జాలిపడాలి" అనేది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. పని నేర్చుకునే రోజుల్లో ఆయన గురువు ఒక రైఫిల్ని బల్లకి ఆనించి, "ఖాళీదేలే" అన్నాడట. అది జారి కింద పడి పేలింది. తూటా గోడకి తగల్లేదు, మనిషికి తగల్లేదు, గురువు గారి టిఫిన్ బాక్సులోంచి దూసుకుపోయింది. గురువు పగలబడి నవ్వాడట. మా మావయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటినుంచి "ఖాళీ" అనే మాట ఆయనకి పడదు. గ్యాస్ సిలిండర్ ఖాళీ అయిందని అత్తయ్య చెప్పినా, "చూశావా? కదిపి చూశావా?" అని తనే వెళ్ళి కదిపేవాడు.

క్లబ్బు వెనక ఆయన పనిచేసే గది చిన్నది. కిటికీ కింద బల్ల, బల్లమీద సామాను బిగించి పట్టే వైస్, గోడకి వరసగా స్క్రూడ్రైవర్లు, నూనె వాసన. నేలమీద ఒక పాత రబ్బరు చెప్పు అడుగుభాగం మేకులతో కొట్టి ఉండేది. ఏ రైఫిల్ ట్రిగ్గర్ మీద చెయ్యి వేసినా, తూటా లేకుండా గడియలాంటి బోల్టు మూసి, రైఫిల్ మడమని ఆ చెప్పుమీద మూడుసార్లు గట్టిగా కొట్టేవాడు. ట్రిగ్గర్ మరీ సున్నితంగా ఉంటే ఆ దెబ్బకే లోపల తూటాని కొట్టే సూది జారి 'టిక్' మంటుంది. టిక్ మన్న రైఫిల్ ఆ గది గడప దాటేది కాదు. మూడు దెబ్బలకీ మౌనంగా ఉంటే, పొడుగాటి పుస్తకంలో నంబరు, తేదీ, ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బరువు రాసి, పక్కన "మూడు దెబ్బలు, సరి" అని రాసేవాడు. అందుకే క్లబ్బులో అందరికీ ఆయన మూడు దెబ్బల మేస్త్రీ.

చదువుకోసం నేను వాళ్ళింట్లో ఉండేదాన్ని. పంతొమ్మిదేళ్ళు. క్లబ్బులో షూటింగ్ నేర్చుకుని, చేతికి నిలకడ ఉందని నలుగురూ అనేసరికి నా కాళ్ళు నేలమీద నిలవడం మానేశాయి. మావయ్యకి నేనంటే ప్రాణం. ఎవరి చేతినుంచి రైఫిల్ అందుకున్నా బోల్టు తెరిచి, తూటా కూర్చునే గూట్లోకి తొంగిచూసి, చిటికెన వేలు పెట్టి తడిమేవాడు. సెక్రటరీ గారిచ్చినా అంతే. నా దగ్గర మాత్రం, "నువ్వు చూశావుగా" అని అలాగే తీసుకునేవాడు. ప్రపంచంలో ఆయన మళ్ళీ చూడకుండా నమ్మిన చెయ్యి నాదొక్కటే.

నాకిచ్చిన క్లబ్బు రైఫిల్ ముసలిది. పాయింట్ టూ టూ. తూటా అంచుమీద సూది కొడితే పేలే చిన్న రకం. యాభై మీటర్ల దగ్గర అయిదు గుళ్ళు పేలిస్తే అరచేయంత మేర చెల్లాచెదురుగా పడేవి. జట్టు ఎంపిక పోటీలు నెలరోజుల్లో ఉన్నాయి. నేను ఏడుపు మొహం పెట్టాను.

"రైఫిల్ని తిట్టకు. దానికేం నచ్చలేదో కనుక్కుందాం" అన్నాడు మావయ్య.

మొదట ముందు స్క్రూ, వెనక స్క్రూ చూశాడు. బ్యారెల్ గొట్టాన్నీ దాని కింది కొయ్యనీ కలిపి పట్టుకునేవి ఆ రెండే. ముందుది ఎవరో బండగా బిగించారు. కొలత చూసి రెండూ సమంగా బిగించాడు. గుళ్ళు కాస్త దగ్గరయ్యాయి. నేను వెంటనే తూటాలు కూడా మార్చేద్దామన్నాను. "ఒకటి మార్చు, పేల్చు, చూడు. రెండూ ఒకేసారి మారిస్తే బాగుచేసింది ఏదో, చెడగొట్టింది ఏదో ఎవడికి తెలుస్తుంది?" అని కసిరాడు. తర్వాత బ్యారెల్లో పేరుకున్న సీసం శుభ్రం చేశాడు. బ్యారెల్ కొసన చిన్న నొక్కు ఉంటే సరిచేశాడు. చివరికి నాలుగు రకాల పెట్టెల్లోంచి తూటాలు తెచ్చి, రైఫిల్ని ఇసక సంచులమీద ఆనించి ఒక్కో రకం పేల్పించాడు. మూడో పెట్టెకి అయిదు గుళ్ళూ కోటు గుండీ అంత జాగాలో పడ్డాయి. "ఇదీ దీని తిండి" అని నవ్వాడు. ఆ పెట్టెమీద ఉన్న నంబరుతో ఉన్నవన్నీ నాకోసం పక్కన పెట్టించాడు.

నాకది చాల్లేదు. ట్రిగ్గర్ బరువుగా ఉందన్నాను.

"రూలు ఎంతో అంత ఉంది. మొన్ననే మూడు దెబ్బలూ కొట్టి రాశాను. తగ్గించను."

"కొంచెమే మావయ్యా."

"కొంచెం అన్నవాళ్ళని చాలామందిని చూశాను. పో, ప్రాక్టీస్ చెయ్."

ఒకరోజు ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు నేనే గదిలోకి దూరాను. ఏ స్క్రూ తిప్పాలో ఆయన చేస్తుంటే వందసార్లు చూసినదాన్ని. అర చుట్టు వెనక్కి తిప్పాను. రబ్బరు చెప్పు నా కాళ్ళ పక్కనే ఉంది. కొట్టలేదు. కొడితే చప్పుడు బయటికి వినిపిస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. టిక్ మంటుందేమోనని భయపడ్డాను, అదీ నిజం.

ఆ సాయంత్రం నా జీవితంలో ఎప్పుడూ రానంత స్కోరు వచ్చింది. మావయ్య టార్గెట్ కార్డుని వెలుతురుకి పట్టుకుని చూసి, "ఏం మారింది?" అన్నాడు.

"చెయ్యి కుదిరింది" అన్నాను. నమ్మాడు.

మంగళవారం పొద్దున్న. ఆ ఆదివారమే పోటీలు. మావయ్య ముందుకు వెళ్ళి కొత్త టార్గెట్ కార్డులు జిగురుతో అతికించి, మేం పేల్చే గీత వెనక్కి వచ్చాడు. ముందు ఎవరూ లేరని చూసుకుని కోచ్ ఈల వేశాడు. నేను పడుకుని, తూటా పెట్టి బోల్టు మూశాను. మూశాను, అంతే. వేలు ట్రిగ్గర్ దగ్గరికే వెళ్ళలేదు. రైఫిల్ ఇంకా భుజానికి ఆనలేదు, దాని కొస కిందికి వాలి ఉంది. పేలింది.

పదడుగుల ముందు ఏదో 'టంగ్' మంది. మావయ్య జిగురు డబ్బా. తిరిగొస్తూ కళ్ళజోడు తుడుచుకోవడానికి కింద పెట్టి, అక్కడే మర్చిపోయాడు. డబ్బాకి అటూ ఇటూ చిల్లి. జిగురు నెమ్మదిగా మట్టిలోకి కారుతోంది. నిమిషం కిందట అక్కడ ఆయన వంగి ఉన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నేను ట్రిగ్గర్ ముట్టుకోలేదు" అన్నాను. నా నోట వచ్చిన మొదటి మాట అదే, అది నిజం కూడా. ఆ నిజమే ఆయన మెడకి చుట్టుకుంది.

మావయ్య నా చేతిలోంచి రైఫిల్ తీసుకుని గదికి వెళ్ళాడు. వెనకే సెక్రటరీ గారు, కోచ్, నేను. రబ్బరు చెప్పుమీద ఒక్క దెబ్బ కొట్టాడు. టిక్. ఆ చిన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ట్రిగ్గర్‌కి బరువులు వేలాడదీసి చూశాడు. ఉండాల్సినదాంట్లో సగం. పుస్తకం తీశాడు. ఆయన రాతే: "మూడు దెబ్బలు, సరి."

"ఇది రాశాను. కొట్టినట్టే గుర్తుంది" అన్నాడు. మళ్ళీ ఆ పేజీ వంకే చూసి, "డబ్బా కూడా మర్చిపోయాను కదా. అబద్ధం రాసినట్టున్నాను" అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. ముగ్గురూ అక్కడే ఉన్నారు. నేను గోడకి వేలాడే స్క్రూడ్రైవర్లు లెక్కపెట్టాను. చెబితే ఆదివారం నన్ను పోటీలోకి రానివ్వరు. ఆ ఒక్క ఆలోచన నా నోరు నొక్కేసింది. రైఫిల్ సరిచేయడానికి వేరే క్లబ్బు మేస్త్రీని పిలిపించారు. మావయ్యని కొన్నాళ్ళు ఇంటిదగ్గర ఉండమన్నారు.

ఇక ఇంట్లో భయం కాపురం పెట్టింది. మావయ్య గ్యాస్ కట్టేసి, వెళ్ళి కూర్చుని, మళ్ళీ లేచి చూసి వచ్చేవాడు. "నేను స్నానం చేశానా?" అని అత్తయ్యని అడిగాడు. జుట్టు తడిగానే ఉంది. క్లబ్బుకి ఫోన్ చేసి, ఆ ఏడాది తను ముట్టుకున్న రైఫిళ్ళన్నిటి నంబర్లూ చదివి, "దయచేసి ఎవరినీ పేల్చనివ్వకండి, అన్నీ మళ్ళీ చూపించండి" అని బతిమాలాడు. పక్కింటావిడ పసిపాపని చేతికి అందివ్వబోతే రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దమ్మా, నా చేతుల్లో వద్దు."

అత్తయ్య ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పరీక్షల్లో ఏమీ లేదన్నాడు డాక్టరు. మావయ్యకి ఇంకా భయమేసింది. "ఏదో దాస్తున్నాడే. నా మొహం చూసి చెప్పలేకపోయాడు" అన్నాడు. పళ్ళెం ముందు కూర్చుని తన పది వేళ్ళనీ పరాయివాళ్ళ వేళ్ళని చూసినట్టు చూసుకునేవాడు. అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అవన్నీ చూస్తూ నేను అన్నం తిన్నాను, ప్రాక్టీసుకి వెళ్ళాను. ఎలా తిన్నానో నాకే తెలీదు.

ఆదివారం నేను గెలిచాను. రెండు పాయింట్ల తేడాతో జట్టులో చోటు దొరికింది. ఇంటికొస్తే మావయ్య గుమ్మంలోనే ఎదురొచ్చి నా తలమీద చెయ్యి పెట్టాడు. "నా వల్ల నీకేం నష్టం జరగలేదు కదా, అమ్మయ్య!" అన్నాడు.

సోమవారం పొద్దున్న నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. "నా చెయ్యి వణుకుతోంది, నీ రాత గుండ్రంగా ఉంటుంది. దీన్ని శుభ్రంగా తిరగరాసి పెట్టమ్మా." అది సెక్రటరీ గారికి రాజీనామా. నేను బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాను. రెండో వాక్యం ఇలా ఉంది: "చెయ్యని పని చేసినట్టు పుస్తకంలో రాసినందువల్ల, నా చేతుల మీద నాకే నమ్మకం పోయినందువల్ల..." 'చెయ్యని పని' వరకూ రాశాను. ఆపైన పెన్ను కదల్లేదు.

"మావయ్యా, ఆ స్క్రూ నేను తిప్పాను."

ఆయన కిటికీ గడియ సరిగా పడిందో లేదో చూస్తున్నాడు. "ఏమన్నావ్?"

"నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు. నేనే. నువ్వు మూడు దెబ్బలూ కొట్టావు. ఆ తర్వాత నేను తిప్పాను."

చెంప పగులుతుందనుకున్నాను. పగిలితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. "పావు చుట్టా, అర చుట్టా?" అన్నాడు.

"అర."

"అర చుట్టుకి సరిగ్గా సగం తగ్గుతుంది" అన్నాడు, లెక్క కుదిరినట్టు. తర్వాత వంటింటి వైపు తిరిగి, ఇల్లు అదిరేట్టు అరిచాడు. "ఏమేవ్! నేను కొట్టానే! మూడు దెబ్బలూ కొట్టాను! పుస్తకంలో రాసింది నిజమేనే!"

అత్తయ్య గరిటతోనే పరుగెత్తుకొచ్చింది. ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు. ఆనందంతో ఏడుస్తున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఏడుపు వింటూ నిలబడటం కంటే ఏ శిక్షా పెద్దది కాదు.

మధ్యాహ్నం సెక్రటరీ గారి దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను. జట్టులోంచి నా పేరు కొట్టేశారు, ఏడాదిపాటు షూటింగ్ రేంజికి రావద్దన్నారు. మావయ్య మర్నాడే పనిలోకి వెళ్ళాడు. వెళ్ళేముందు అత్తయ్య గోళ్ళరంగు సీసా జేబులో వేసుకున్నాడు. ఆనాటినుంచి ఆయన బిగించిన ప్రతి స్క్రూ తలమీంచి పక్కనున్న లోహం మీదికి ఒక ఎర్రగీత ఉండేది. ఎవరైనా వెంట్రుకవాసి తిప్పినా గీత తప్పిపోతుంది.

ఏడాది తర్వాత నన్ను తనే వెంటబెట్టుకుని రేంజికి తీసుకెళ్ళాడు. అదే ముసలి రైఫిల్, అదే నంబరు తూటాలు. అయిదు గుళ్ళు పేల్చి లేచాను. బోల్టు తెరిచాను, తొంగిచూశాను, చిటికెన వేలితో తడిమాను. ఆయన చూస్తుండగానే చేశాను అదంతా. రైఫిల్ అందించాను.

ఆయన బోల్టు వైపు వంగి చూసి, తన చిటికెన వేలు లోపల పెట్టాడు.

"నేను చూశాను మావయ్యా" అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు మెల్లిగా. అని, ఇంకోసారి చూశాడు.