బెర్గెన్ నుంచి తెచ్చిన బెల్లంరంగు చీజ్

ఇవాళ పొద్దున ఫోన్లో మాటల్లో పడి పాలు అడుగంటించాను. ఇల్లంతా మాడిన కోవా వాసన. నన్ను నేనే తిట్టుకుంటూ గిన్నె దించాను గానీ, ఆ వాసనకి రూతమ్మగారు గుర్తొచ్చి నవ్వొచ్చేసింది. తొంభైల్లో దోహాలో నేను పనిచేసిన కంపెనీ ల్యాబ్‌లో ఆవిడ నాకు సీనియర్. ఊరు పాలకొల్లు. కొత్తలో ఇంటిమీద బెంగతో నేను అన్నం ముట్టకపోతే, తన డబ్బాలోంచి ముందు తనో ముద్ద తిని, "నేను తిన్నానుగా, చచ్చానా? ఇక తిను" అని నా చేతిలో పెట్టేవారు. ఎవరికి ఏది పెట్టినా ముందు తను తిని చూపించడం ఆవిడ అలవాటు.

కంపెనీ నన్ను ట్రైనింగుకి నార్వే పంపినప్పుడు, అల్ మన్సూరాలో వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళి ఏం తెమ్మంటారని అడిగాను. "షోకేసులో పెట్టే బొమ్మలు తెచ్చావో, ఊరుకోను. అక్కడివాళ్ళు రోజూ తినేది తీసుకురా. శుక్రవారం ఇక్కడ సెలవు కదా, మా ఇంట్లో ప్రార్థనయ్యాక అందరం తలో ముక్కా తింటాం" అన్నారు.

నార్వేలో బెర్గెన్ రేవు పక్క దుకాణాల్లో నా మనసంతా ఊలు స్వెట్టర్ల మీదే. దోహా ఎండకి స్వెట్టరేమిటి, నా మొహం! పొడుగు ముక్కు భూతం బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, ఆవిడ మాట గుర్తొచ్చి పెట్టేశాను. పక్కన పచారీ కొట్లో పెద్దావిడని, "పొద్దున మీరేం తిన్నారండీ?" అని అడిగాను. ఆవిడ వింతగా చూసి, బెల్లం దిమ్మలాంటి చీజ్ తీసి, మధ్యలో చీలిక ఉన్న వెడల్పాటి కత్తితో ఒక పల్చటి పొర గీసి ఇచ్చింది. మేకపాలు విరిగిన నీళ్ళని ఎర్రబడేదాకా మరగబెట్టి చేస్తారట. అచ్చం ఉప్పుపడ్డ పాలకోవా! దిమ్మా, కత్తీ రెండూ కొన్నాను.

దోహాలో దిగాక కస్టమ్స్ ఆఫీసరు పెట్టె తెరిచాడు. లేబులు ఊడిపోయిన ఆ దిమ్మ పైకి తీసి, "ఏష్ హాదా? ఏమిటిది?" అన్నాడు.

"చీజ్ సర్, జిబ్న్."

"చీజ్ తెల్లగా కదా ఉంటుంది?"

వాసన చూసి ఇంకో ఇద్దరిని పిలిచాడు. మత్తుమందనుకుంటున్నారని నాకర్థమైంది. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, జైల్లో పెడితే మా అమ్మకి ఎవరు చెబుతారు? అప్పుడు రూతమ్మగారి డబ్బా గుర్తొచ్చింది. కత్తి ఇమ్మని సైగ చేసి, ఒక పొర గీసి వాళ్ళ ముందే తినేశాను. ఇంకోటి గీసి చెయ్యి చాపాను. ఆఫీసరు అది నోట్లో వేసుకున్నాడు. మొహం చిట్లించాడు. తర్వాత నవ్వేశాడు. "తియ్యటి చీజ్! యల్లా, వెళ్ళు వెళ్ళు."

హమ్మయ్య! బయటికొచ్చి ట్రాలీ పట్టుకుని పిచ్చిదానిలా నవ్వుతూ ఏడ్చాను. నాకోసం వచ్చిన రూతమ్మగారు కంగారుపడిపోయి, సంగతి విని నన్ను గట్టిగా కావలించుకున్నారు.

శుక్రవారం ఆ చీజ్ పొరలు పళ్ళెంలో పెట్టి, అలవాటు ప్రకారం ముందు ఆవిడకే ఇచ్చాను. ఆవిడ తినలేదు. పళ్ళెం పక్కవాళ్ళకి అందిస్తూ, "మా అమ్మాయి తిని చూపించిందిగా, ఇక నేనెందుకు?" అన్నారు.

ఆ కత్తి ఇంకా నా వంటింట్లోనే ఉంది, దాంతో కీరా కోస్తాను. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా బిక్కమొహంతో కూర్చుంటే, పక్కన కూర్చుని డబ్బా తెరిచి ముందు నేనో ముద్ద తింటాను. పేరు ఆ తర్వాత అడుగుతాను.