తొలొగొన్ మార్చిన మాట

కిర్గిజ్ దేశంలోని నరీన్ ఊళ్లో, సినిమా హాల్లో తెర మీద ఎవరు నోరు తెరిచినా వినపడేది తొలొగొన్ గొంతే. రష్యన్ సినిమా ఆడుతుంటే వెనక గదిలో మైకు ముందు కూర్చుని రాజుకీ, రౌడీకీ, పసిపాపకీ ఆయనే కిర్గిజ్‌లో మాట చెప్పేవాడు. తెర మీద ఎవరు చచ్చినా గొంతు వణకకూడదు. అది ఆ పని పద్ధతి.

ఆయన తండ్రిది ఇంకో నేర్పు. అక్కడ చావు కబురు ఇంటివాళ్లకి సూటిగా చెప్పరు. మాటకారిని పిలిపిస్తారు. అతను ఎగిరిపోయిన డేగ గురించీ, ఎండిన చెరువు గురించీ మాట్లాడుతూ మెల్లగా అసలు సంగతికి తెస్తాడు. తండ్రి ఎంత చుట్టు తిరిగినా చివరికి నిజమే చెప్పేవాడు. కొడుక్కి ఆ మెత్తదనం ఒక్కటే వచ్చింది.

ఒక చలికాలం ఓ సినిమా వచ్చింది. నక్షత్రాల అవతలి శత్రువుల ఓడల చప్పుడు వినగల పిల్లల్ని ఏరి, ఇళ్ల నుంచి తీసుకుపోయి యుద్ధం నేర్పుతారు. పిల్లలే గెలుస్తారు. చివర్లో ఒక పిల్లవాడు తల్లి ముందు నిలబడి, "నాకింక ఏమీ వినపడదు. నన్ను పంపకుండా ఉండాల్సింది" అంటాడు. హాల్లో ముసలమ్మలు అప్పటికే ముక్కులు చీదుతున్నారు. తొలొగొన్‌కి నోరు రాలేదు. "అమ్మా, గెలిచొచ్చాను" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఇక ప్రతి ఆటకీ అదే మాట.

ఆయన కొడుకు సిర్గాక్ చిన్నతనంలో ఆ సినిమాని వదలకుండా చూశాడు. లెక్కల్లో జిల్లాకే మొదటివాడు. పద్దెనిమిది నిండగానే సైనిక బడివాళ్లు డ్రోన్లు నడపడానికి వాణ్ణి ఎంచుకున్నారు.

"వెళ్లొద్దురా" అన్నాడు తొలొగొన్.

"నువ్వేనా ఆ మాటనేది? ఆ సినిమా చూపించి పెంచావు కదా!"

"అందులో ఆఖరి మాట నేను మార్చానురా. వాడు చెవిటివాడై వచ్చాడు. తల్లిని తిట్టాడు."

"తెలుసులే నాన్నా. ఎప్పుడో ఫోన్లో రష్యన్‌లో చూశా." సిర్గాక్ సంచి జిప్పు లాగాడు. "వాడు ఉత్త ఏడుపుగొట్టోడు. నువ్వు చెప్పినవాడే మగాడు."

తల్లి బురుల్చా పొయ్యి దగ్గర్నుంచి లేచింది. "ఊరందరికీ గొంతిస్తావు. కన్నకొడుకుని ఆపడానికి ఒక్క మాట దొరకదా నీకు?"

తొలొగొన్ సుత్తి వెతకడానికి లేచాడు.

ఆమె రొట్టె తెచ్చి కొడుకు చేత కొరికించింది. ప్రయాణమయ్యేవాడు కొరికిన రొట్టెని దాచి ఉంచితే, మిగిలింది తినడానికి తిరిగొస్తాడని నమ్మకం. వాడు నములుతూనే వ్యాను ఎక్కాడు. మిగిలిన రొట్టె తగిలించడానికి తొలొగొన్ గోడకి మేకు కొట్టాడు.

"ఇంకాస్త పైకి" అంది బురుల్చా. "ఎలకలకి అందుతుంది."

కోతలనాటికి రొట్టె రాయిలా ఎండింది. అప్పటికే సిర్గాక్ దగ్గర్నుంచి ఫోన్లు ఆగిపోయాయి.