ఆ దండ ఆ గేటుకే ఉంటుంది

నిన్న పొద్దున వనపర్తిలో షాపు షట్టర్ ఎత్తుతుండగా గోపాల్‌పేట నుంచి తమ్ముడి ఫోన్.

"అక్కా, మణెమ్మ పెద్దమ్మ పోయింది."

ఏ మణెమ్మ అని అడిగాను. మా వీధిలో ఉన్నది ఒక్క మణెమ్మే. అయినా అడిగాను.

షట్టర్ దించేసి బస్సెక్కాను. దారంతా ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

ఇప్పటికీ అదే ఉంది. అందుకే ఈ పోస్ట్.

ఆమె మాకు చుట్టం కాదు. ఎదురిల్లు. మా వీధిలో సగం ఇళ్లవాళ్లు పుణె, ముంబై పనులకు పోతారు. పోయేముందు తాళంచెవులు పెద్దమ్మ చేతిలో పెట్టి పోతారు. ఆమె రోజూ తన వాకిలితో పాటు తాళం వేసిన ప్రతి ఇంటి ముందూ ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసేది.

"ముగ్గు లేకుంటే ఇంట్ల ఎవ్వరు లేరని దొంగలకు మనమే చెప్పినట్టు గాదా?" అనేది.

ఇక వీధిలోకి కొత్త మనిషి వస్తే వాడి పని అయిపోయినట్టే.

నా పెళ్లయిన కొత్తలో ఒకసారి మా ఆయన ఒక్కడే వచ్చాడు. నేను అమ్మావాళ్లతో చేను దగ్గర ఉన్నాను. పెద్దమ్మ ఆపింది.

"ఎవరింటికి?"

"అత్తగారింటికి."

"మీ అత్త పేరేంది?"

మనోడికి పేరు గుర్తు రాలేదు! అంతే, చెవి తన దగ్గరే ఉన్నా మా ఇంటి తాళం తీయలేదు. మేము వచ్చేదాకా కొత్త అల్లుణ్ని బ్యాగుతో సహా తన గడప ముందు కూర్చోబెట్టింది. చాయ్ మాత్రం ఇచ్చింది. ఇప్పుడు మా అమ్మ పేరు మా ఆయన నిద్రలో లేపినా చెప్తాడు.

అలాంటి మనిషిని దొంగ అన్నాడు ఒకాయన.

పేరు రాయను. మూలమీద కొత్త గేటు ఇంటాయన. ఇనుప గేటు, పెద్ద తాళం పెట్టించుకున్న రోజే పెద్దమ్మ దగ్గరున్న పాత తాళంచెవి తీసేసుకున్నాడు. "ఇంగ నా వాకిట్లకు రాకు" అన్నాడు. సరేనని ఆమె వెళ్లలేదు.

తర్వాత వాళ్లంతా పెళ్లికని గద్వాల పోయినప్పుడు దొంగలు పడ్డారు. తాళం పగలగొట్టి ఉంది. పగలగొట్టిన తాళానికి చెవితో పనేముంది?

అయినా వీధి నడుమ నిలబడి, "గీమెనే చెప్పి చేపిచ్చింది, గీమెనే దొంగ" అని అరిచాడు. స్టేషన్‌కు పిలిపించి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టించాడు.

ఇంటికొచ్చి పెద్దమ్మ ఎవరి తాళంచెవులు వాళ్ల చుట్టాలకు ఇచ్చేసింది. బయట కూర్చోవడమే మానేసింది.

కొన్నాళ్లకు ఆ దొంగలు తెలకపల్లి వైపు దొరికారు. ఆ ఇల్లే ఎందుకని పోలీసులు అడిగితే, ఆ ఒక్క వాకిట్లోనే ముగ్గు లేదు అన్నారట. వీధంతా విన్నది. ఆయనా విన్నాడు. "అయిందేదో అయింది" అని గేటు వేసుకున్నాడు.

పోయిన నెల నేను వెళ్తే పెద్దమ్మ మంచం మీద ఉంది. ఒకటే మాట.

"అందరి ముంగట నన్ను దొంగ అన్నడు బిడ్డా. కాదని గూడ అందరి ముంగట ఆయననే అనాలె."

నేనే పోయి అడిగాను. "చూద్దాం తీయ్" అన్నాడు. ఆ మాట వినకుండానే ఆమె పోయింది.

నిన్న బంతిపూల దండ పట్టుకొని శవం దగ్గరికి వచ్చాడు. ఆ ముఖం చూడాలి, ఎంత బాధో!

అడ్డం నిలబడ్డాను. "దండ తర్వాత. ముందుగాల ఆ మాట అను."

"సచ్చినంక గివన్ని ఎందుకమ్మా?"

ఆయన చేతిలోంచి దండ లాక్కున్నాను. తీసుకుపోయి ఆయన గేటుకే కట్టాను. శవానికని తెచ్చిన దండ. ఒక్కరు కూడా నన్ను ఆపలేదు.

పొద్దున్నుంచి వాళ్ల బామ్మర్ది ఫోన్లు. "తీసెయ్యమ్మా, ఇంట్ల ఆడోళ్లు భయపడుతున్నరు." దాన్ని ముట్టుకోవడానికి ఆయనకే ధైర్యం లేదు. వీధిలో ఎవరూ తీయరు. నాకైతే హాయిగా ఉంది.

అన్నా, ఈ పోస్ట్ నువ్వు చదువుతావని తెలుసు. కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టి తప్పించుకోకు. ఎక్కడ నిలబడి దొంగ అన్నావో అక్కడే నిలబడి కాదని అను. ఆ రోజు నేనే వచ్చి విప్పుతా. అప్పటిదాకా పూలు ఎండిపోతే కొత్త దండ తెచ్చి కడతా.

పెద్దమ్మా, విప్పెయ్ బిడ్డా అనేదానివేమో. విప్పను.

నువ్వు మాత్రం నిమ్మళంగా పడుకో.