సుక్కి చూసే మూల

మా చిన్నప్పుడు మా ఇంటి పిల్లి మజ్జిగన్నం తిని బతికింది... తినలేక బతికింది అనాలి.

పుంగనూరు దగ్గర మా పల్లె. తాత పోయాక పెద్దదినం రోజు నట్టింట్లో ఆయన ఫోటో ముందు దీపం పెట్టి, విస్తరి వేసి, ఇష్టమైనవన్నీ వడ్డించారు. అవ్వ దండం పెట్టుకుని తలెత్తేసరికి మా పిల్లి సుక్కి ఎక్కడి నుంచో ఎలుకను కరుచుకొచ్చి సరిగ్గా ఆ విస్తరిలో పెట్టింది. పాపం, దాని లెక్కలో అదీ వడ్డనే!

అవ్వ ముఖం పాలిపోయింది. "సంవత్సరీకం అయ్యేదంకా ఈ ఇంట్లో నీసు వాసన రాకూడదు. మనుషులకీ లేదు, పిల్లికీ లేదు, కుక్కకీ లేదు" అనేసింది. అవ్వ మాటకు ఎదురుచెప్పే మొనగాడు మా ఇంట్లో ఎవరూ లేరు.

కుక్కకేం ఇబ్బంది లేదు. మా కరియా సంగటి ముద్ద, పప్పు కట్టు శుభ్రంగా నాకేసి, ఇంకా ఉందా అన్నట్టు చూసేవాడు. సుక్కి సంగతే వేరు... ఎలుకను పట్టినా నేమం చెడుతుందని అవ్వ దాన్ని పాత చీర పేలికతో నట్టింటి స్తంభానికి కట్టేసింది. ముందు మూకుట్లో మజ్జిగన్నం.

కొన్ని నెలలకు దాని కళ్ళు మారిపోయాయి. మిట్టమధ్యాహ్నం కూడా నల్లగుడ్డు కన్నంతా పరుచుకుని ఉండేది. తలుపు సందులోంచి ఎండ పడితే పచ్చగా మెరిసేది. అరవడం మానేసింది. తాత మంచం ఉండిన మూలకేసి తిరిగి, రెప్ప వేయకుండా కూర్చునేది.

అక్కడ ఏమీ లేదు, సున్నం గోడ తప్ప. కానీ దాని తల మెల్లగా కదిలేది... మూల నుంచి గడప దాకా, ఎవరో లేచి నడిచిపోతుంటే చూస్తున్నట్టు. నాకు ఒళ్ళు జలదరించేది. కరియా అయితే ఆ గడప దాటి రావడమే మానేశాడు.

అవ్వ మాత్రం భయపడలేదు. "మీ తాత వచ్చిండాడు మ్మే. సుక్కి సూస్తాండాది సూడు" అని నవ్వింది. తాత పోయాక అవ్వ నవ్వడం అదే మొదలు.

ఇక రోజూ మధ్యాహ్నం ఆ మూల చాప వేసి, లోటాలో కాఫీ పెట్టి, పిల్లి పక్కన కూర్చునేది. "ఏమయ్యా, వాన యాడికి పాయెనో... చెనక్కాయలు ఎండిపోతాండాయి. సూస్తాండావా?" అని అడిగి, జవాబు కోసం పిల్లి ముఖంలోకి చూసేది. సుక్కి తల కదిలితే "ఊ" అనేది. ఆ "ఊ" వింటే నాకు ఇంకా భయం వేసేది.

సుక్కి మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది. నిమిరితే వెన్నెముక చేతికి తగిలేది.

ఒకరోజు అమ్మ ఇల్లు అలకడానికి పేలిక విప్పింది. సుక్కి నేరుగా నడిచి వెళ్ళి నీళ్ళబిందెకు తల కొట్టుకుంది. వెనక్కి జరిగి, మళ్ళీ దానికే కొట్టుకుంది. అమ్మ దాని కళ్ళ ముందు చెయ్యి ఆడించి చూసింది.

"అత్తా, దీనికి కండ్లు కనపడలేదు."

"కనపడకుంటే మీ మామను ఎట్లా సూస్తాది?" అంది అవ్వ. అమ్మ పోయి నాన్నకు చెప్పింది.

మర్నాడు నాన్న మదనపల్లెకు టమోటాలు తీసుకెళ్తుంటే సుక్కిని గంపలో పెట్టి, పైన ఇంకో గంప బోర్లించి కట్టాం. అవ్వ తనూ వస్తానని బండెక్కింది. నన్ను కూడా ఎక్కించుకుంది.

పశువుల డాక్టరు టార్చి వేసి చూశాడు. "చూపు పోయి చాన్నాళ్ళయిందమ్మా. కుక్క సంగటి తిని బతకతాది, పిల్లి ఒళ్ళు అట్లాంటిది కాదు. మాంసంలో ఉండే సత్తువ అందకుంటే ముందు కండ్లు పోతాయి, ఆనెక గుండె. కండ్లు ఇంక రావు. ప్రాణం నిలవాలంటే నీసు పెట్టండి."

"అయితే ఇన్నాళ్ళూ ఇది ఏమీ సూడలేదా అప్పా?"

"లేదమ్మా. చప్పుడు ఏదన్నా వినపడితే అటు తల తిప్పుతా ఉంటాది, అంతే."

తాత రెండోసారి పోయినట్టు ఏడ్చింది అవ్వ, ఆ ఆసుపత్రి అరుగు మీద. నాకూ ఏడుపొచ్చింది. అందరికంటే సుక్కే నిబ్బరంగా ఉంది.

వచ్చేటప్పుడు పుంగనూరులో బండి ఆపించి, అవ్వే దిగి ఎండుచేపలు కొనింది. సంవత్సరీకం ఇంకా కాలేదు. నాన్న ఏదో అనబోతే, "కండ్లు తీసేస్తిని. పానం కూడా తీస్తే మీ నాయన నన్ను తన కాడికి రానీడు" అంది. ఇంటికొచ్చి పేలిక విప్పి పొయ్యిలో వేసింది. చేపల్ని ఉప్పు పోయేదాకా కడిగి, తానే ఉడకబెట్టి పెట్టింది.

సుక్కి కోలుకుంది. కండ పట్టింది, అరుపు వచ్చింది, చూపు రాలేదు. అవ్వ అడుగుల చప్పుడైతే చాలు, తోక నిక్కబొడుచుకుని లేచి ఆమె కాళ్ళకు ఒళ్ళు రాస్తూ తిరిగేది. ఇంకెవరికీ లేచేది కాదు, మహా పొగరు. అవ్వ ఆ మూల కాఫీ పెట్టడం మానేసింది. కానీ మధ్యాహ్నమైతే సుక్కి అక్కడికే వెళ్ళి కూర్చునేది. తల మూల నుంచి గడప దాకా కదిలేది. చప్పుడు వినపడితే తిప్పుతుందన్నాడు డాక్టరు... ఏ చప్పుడో మాకెవరికీ వినపడలేదు.

కొన్నేళ్ళకు అవ్వ పోయింది. మర్నాడు మధ్యాహ్నం సుక్కి ఆ మూలకేసి కూర్చుని, ఉన్నట్టుండి తోక నిక్కబొడుచుకుని లేచింది. ఖాళీ నేల మీద, గాలికి ఒళ్ళు రాస్తూ గుండ్రంగా తిరిగింది...

అమ్మ చాలాసేపు చూసింది. లోపలికి వెళ్ళి రెండు లోటాల్లో కాఫీ తెచ్చి అక్కడ పెట్టింది.

నిన్న కుప్పంలో గది తీసుకుని చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్ చేసింది. తను మాంసం మానేసింది, గదిలో పెంచుకుంటున్న పిల్లికి కూడా మొక్కల తిండి ప్యాకెట్లు పెడతానంటోంది. "డాక్టర్ని అడిగితివా మ్మే?" అని గట్టిగానే అరిచాను. "అడిగినామ్మా. దానికి కావాల్సిన సత్తువ అందులో కలిపి ఉండాలంట, కండ్లు, గుండె చూపిస్తా ఉండాలంట. లేదంటే వద్దన్నాడు" అంది.

మంచిదే. ఇప్పుడు పిల్లులకూ అన్ని పరీక్షలూ ఉన్నాయి. కానీ పిల్లి ఖాళీ మూలకేసి చూస్తే, చేతిలో పని ఆపి "ఎవరొచ్చినారు?" అని అడిగేవాళ్ళే లేరు...

మీ ఇంటి పిల్లి ఏ మూలకేసి కూర్చుంటుంది? చెప్పండి, వింటాను...